శిక్షణకు పోయే సంచి మన వంకలకు సరిపోవాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో వరద రక్షణ మాట ఎత్తితే కొన్నేళ్ల క్రితం వరకు రచ్చబండ మీద నవ్వేవారు. రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. తాగునీటికే బిందెలు వరుస పెట్టే ఊళ్లకు ఏటిలో కొట్టుకుపోయేవారిని కాపాడే విద్య ఎందుకని వారి ప్రశ్న. 2021 నవంబరు 19న ఆ ప్రశ్నకు చిత్రావతి జవాబు చెప్పింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద నదిలో కారుతో సహా చిక్కుకున్న నలుగురిని ఒడ్డుకు తెచ్చేందుకు మరి ఆరుగురు జె.సి.బి. యంత్రంతో ప్రవాహంలోకి దిగారు. యంత్రమూ అక్కడే నిలిచిపోయింది. కాపాడవలసినవారు నలుగురు కాస్తా పది మంది అయ్యారు. చివరకు వైమానిక దళం హెలికాప్టరు వచ్చి పది మందినీ క్షేమంగా పైకి తీసింది.

ఆ ఆరుగురి ధైర్యాన్ని ఎవరూ తక్కువ చేయరాదు. మన పల్లెల్లో ధైర్యానికి కొదవ లేదు. కొదవ ఉన్నది తర్ఫీదుకు, దానికి తగిన సామానుకు. అందుకే శిక్షణకు పోయే యువకుని సంచిలో ఏమి ఉండాలన్నది చిన్న విషయంగా కనబడినా ఊరంతా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో 'ఆపద మిత్ర' పథకాన్ని ఆరంభించింది. 2021లో దానిని దేశంలో 350 జిల్లాలకు, లక్ష మంది స్వచ్ఛంద సేవకులకు విస్తరించింది. పన్నెండు రోజుల శిక్షణ. ఆ తర్వాత ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్., స్కౌట్లు వంటి సంఘాల పిల్లల కోసం 'యువ ఆపద మిత్ర' అని మరొకటి వచ్చింది. ఇటువంటి శిక్షణకు పిలుపు రాగానే పల్లె యువకుడు మొదట అడిగేది, "ఏమేమి తీసుకురావాలి సార్?" అని. వచ్చే జవాబు సాధారణంగా రెండు జతల బట్టలు, దుప్పటి, పళ్లెం, లోటా. కాస్త డబ్బున్న పిల్లవాడైతే బజారుకు పోయి సైనికుల రంగు సంచి, మూరెడు కత్తి, నల్ల కళ్లద్దాలు కొనుక్కుని వస్తాడు. రెండూ పొరపాటే. శిక్షణ సంచి పెళ్లికి పోయే పెట్టె కాదు, సినిమా వేషమూ కాదు. శిక్షణ ముగిసిన తర్వాత అది తిరిగి ఊరికి వచ్చి, నడిరాత్రి ఎవరైనా కేక వేస్తే భుజాన వేసుకుని పరుగెత్తవలసిన సంచి. అక్కడ ఏ సామానుతో చేయి అలవాటు పడుతుందో ఇక్కడ అదే అక్కరకు వస్తుంది.

మోకులు పోయిన ఊళ్లు

పెద్దలు కొందరు వేరే మాట అంటున్నారు. మా కాలంలో ఏ శిక్షణ లేకుండానే బావిలో పడినవారిని పైకి లాగలేదా అని. నిజమే, లాగారు. అయితే అప్పుడు సామాను ఊరిలోనే ఉండేది. కపిలి తోలే ప్రతి బావి దగ్గర చేతి మందం మోకు, గిలక ఉండేవి. బిందెలు తీసే పాతాళ గరిగె ఏదో ఒక ఇంటి దూలానికి వేలాడుతుండేది. రాళ్లు కొట్టేవారి వద్ద గడ్డపారలు, సమ్మెటలు సరేసరి. మోకు పట్టి బరువు దించడం, ఎత్తడం రైతుకు రోజూ చేసే పని కనుక, ఆపద వచ్చిన రోజు ఆ చేతులకు వేరే తర్ఫీదు అక్కరలేకపోయింది.

కరెంటు మోటార్లు వచ్చి కపిలి పోయింది. బోర్లు వచ్చి బావులు ఎండిపోయాయి. మోకులు అటకల మీదనే చివికిపోయాయి. బోరు వేసే సామాను లారీలో వస్తుంది, లారీలోనే పోతుంది, ఊరిలో మిగలదు. ఊరి రక్షణ సామాను ఇలా ఎవరికీ తెలియకుండానే మాయమైంది. ప్రమాదాలు మాత్రం మాయం కాలేదు సరికదా, కొత్తవి వచ్చి చేరాయి. జాతీయ విపత్తు స్పందన దళం పదవ బెటాలియను కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉన్నది. పెనుకొండకు అయిదు వందల కిలోమీటర్లకు పైనే. వారు ఎంత నేర్పరులైనా దూరం దూరమే. మొదటి రెండు మూడు గంటలు ఊరివారివే.

ఆ మొదటి గంటలు ఎట్లా ఉంటాయో ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొని పాతిక మంది వరకు మరణించారు. 2013 డిసెంబరు 28న, అది కూడా తెల్లవారుజామునే, కొత్తచెరువు సమీపంలో నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏ.సి. బోగీలో మంటలు లేచి 26 మంది చనిపోయారు. 2015 జనవరి 7న మడకశిర - పెనుకొండ మార్గంలో మావటూరు వద్ద బస్సు లోయలో పడి పదిహేను మంది వరకు మృతి చెందారు. వారిలో చాలామంది చదువుకునే పిల్లలు. అదే సంవత్సరం ఆగస్టు 24న పెనుకొండ సమీపంలో రైల్వే గేటు వద్ద గ్రానైటు లారీ వచ్చి రైలును గుద్దింది. ఇవన్నీ చుట్టూ యాభై కిలోమీటర్ల లోపల, నాలుగేళ్ల లోపల జరిగినవి. సంచి సర్దేవాడు ముందుగా ఈ జాబితాను మనసులో ఉంచుకోవాలి.

తాడు, వెలుతురు, చెప్పులు

అన్నిటికన్నా ముందు తాడు. ఇక్కడే ఎక్కువ మోసం జరుగుతున్నది. బజారులో పసుపు, నీలం రంగుల్లో దొరికే ప్లాస్టిక్ తాడు చవక. నీటి మీద తేలుతుంది కనుక ఒడ్డు నుండి విసరడానికి పనికివస్తుంది. కానీ ముడి జారుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. దానిని నమ్మి మనిషిని లోయలోకి దించరాదు. మనిషి బరువు మోయడానికి పది, పదకొండు మిల్లీమీటర్ల మందం, లోపల నారపోగు, పైన అల్లిక తొడుగు ఉన్న నైలాన్ తాడు వేరే ఉన్నది. అందులోనూ సాగేవి కొండలెక్కేవారికి, సాగనివి రక్షణ పనికి. అది ఖరీదైనది. ఒక్కొక్కరు కొనుక్కోనక్కరలేదు, శిక్షణ ఇచ్చేవారే తెస్తారు. యువకుడు తన సంచిలో పెట్టుకోవలసింది తేలే తాడు ఇరవై మీటర్లు, ఒక గుడ్డ సంచిలో కూరి. ఒక కొస బయట పట్టుకుని సంచిని విసిరితే తాడు చిక్కుపడకుండా దానంతట అదే సాగుతూ పోతుంది. ఇంట్లో పాత ప్యాంటు గుడ్డతో ఆ సంచి కుట్టవచ్చు. చెరువు గట్టు మీద రోజూ పది సార్లు విసిరి చూడాలి. మొదటి రోజు పది మీటర్లు కూడా పోదు.

దీనితో పాటు ఒక మాట గట్టిగా చెప్పక తప్పదు. నడుముకు తాడు బిగించుకుని ప్రవాహంలోకి దిగడం మన ఊళ్లలో మగతనంగా చెల్లుతున్నది. కాలు జారినపుడు ఒడ్డున ఉన్నవారు తాడు లాగిపట్టుకుంటారు, నీళ్లు వెనుక నుండి నెడతాయి, నడుమున ముడి పడి ఉన్న మనిషి నీటి అడుగుకు పోతాడు. వదిలితే బతికేవాడు పట్టుకున్నందుకే చనిపోతాడు. ముందు కర్ర చాచడం, అందకపోతే తాడు విసరడం, అదీ కాకపోతే తేలే వస్తువో పడవో పంపడం, ఈత కొట్టుకుంటూ పోవడం అన్నిటికన్నా ఆఖరున, అదీ తర్ఫీదు ఉన్నవారే. ఈ వరుస ఏ దేశంలో నేర్పినా ఒకటే. అడుగు లోతు వేగంగా పారే నీటికి చిన్న కారు కదులుతుంది, రెండడుగులకు జీపులు కూడా కొట్టుకుపోతాయి. హిందూపురం వైపు పెన్న, జయమంగళి ఇసుక ఏరులు. పైన కర్ణాటకలో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు వస్తుంది. ఇసుక తవ్విన గుంటలు నీటి కింద కనబడవు. ఆ ఏటిలో మోకాలి లోతు అని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తేలే జాకెట్టు శిక్షణలో ఇస్తారు. అది ఒంటి బరువుకు సరిపోవాలి, కింది పట్టీలు కట్టకపోతే నీటిలో మెడ మీదికి వచ్చేస్తుంది. ఊరిలో జాకెట్లు లేని రోజున మూత బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాను గానీ, గాలి నింపిన లారీ ట్యూబు గానీ తాడుకు కట్టి విసిరితే మనిషి తల నీటి పైన నిలుస్తుంది. శిక్షణకు పోయేవారు ఈ రెండింటితోనూ సాధన చేయించమని అడగాలి. అడిగితే కాదనేవారు ఉండరు.

రెండవది వెలుతురు. పైన చెప్పిన ప్రమాదాలలో మూడు చీకట్లో జరిగినవి. చేతి టార్చి పట్టుకున్నవాడికి ఒక చెయ్యే మిగులుతుంది. నుదుటికి కట్టుకునే దీపం ఇప్పుడు పెద్ద ఖరీదు కాదు. చేలకు నీళ్లు కట్టే రైతులు చాలామంది వాడుతున్నారు. దానితో పాటు ఒక జత సెల్లులు విడిగా. సెల్‌ఫోను దీపాన్ని నమ్ముకోరాదు. ఆ ఫోను మాట్లాడటానికి మిగలాలి.

మూడవది కాలికి. శిక్షణ కోసం కొత్త బూట్లు కొని అదే రోజు తొడుక్కున్నవాడు రెండవ రోజుకు బొబ్బలతో చెట్టు కింద కూర్చుంటాడు. కొంటే నెల రోజుల ముందే కొని, పొలానికి తొడుక్కుని పోయి మెత్తబరచుకోవాలి. గంబూట్లు బురదకు, కూలిన ఇంటి మట్టికి మంచివి. పారే నీటిలో మాత్రం నిండిపోయి కాలికి రాయి కట్టినట్లవుతాయి. రబ్బరు చెప్పులు దేనికీ పనికిరావు. ఆడపిల్లలు కూడా ఈ శిక్షణలకు పోవాలి. కూలిన ఇంట్లో చిక్కిన బాలింతను తీయడానికి నలుగురు మగవారికన్నా ఒక ఆడమనిషి మేలు. వారు చున్నీ వదిలి, జడను ముడి వేసి రావాలని చెప్పడం అవమానం కాదు. తాడులో, యంత్రంలో చిక్కేది మొదట అదే. మగవారి లుంగీలకూ ఈ మాట వర్తిస్తుంది.

ఇక మిగిలినవి త్వరగా చెప్పవచ్చు. తోలు చేతితొడుగులు ఒక జత. చప్పుడు గట్టిగా వచ్చే విజిల్ ఒకటి: శిథిలాల వద్ద ఒక పొడుగు ఊదుడు అంటే అందరూ నిశ్శబ్దంగా ఉండాలని, మూడు పొట్టి ఊదుళ్లంటే వెంటనే బయటికి రావాలని, ఒక పొడుగు ఒక పొట్టి అంటే పని మళ్లీ మొదలని ప్రపంచమంతటా రక్షక దళాలకు వాడుక. వెడల్పయిన నూలు తువ్వాళ్లు రెండు, అవి కట్టుకు, విరిగిన చేతికి జోలెకు, తడిపి ముక్కుకు కట్టుకోవడానికి. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీరు, ఉప్పు చక్కెర పొట్లాలు. తిండికి చెనిక్కాయ ఉండలు, బొరుగులు చాలు. చెడిపోవు, పొయ్యి అడగవు. రోజూ మందులు వేసుకునేవారు తమ మందులు మరువరాదు. అంతా కలిపి ఒంటి బరువులో నాలుగవ వంతు దాటితే సంచి విప్పి మళ్లీ సర్దుకోవాలి. మూరెడు కత్తి ఇంట్లోనే ఉంచవచ్చు, కొన మొద్దుగా ఉండి పట్టీలు కోసే చిన్న కత్తి చాలు.

సంచిలో లేనివి

ఏ సంచీ సరిపోని ఆపదలు కొన్ని ఉన్నాయి. వాటిని ముందే ఒప్పుకోకపోతే సంచి ఉన్నదన్న ధైర్యమే ప్రాణం తీస్తుంది. 2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి వద్ద కూలి పనికి పోతున్న ఆటో మీద హైటెన్షన్ తీగ తెగిపడి అయిదుగురు ఆడకూలీలు మరణించారు. అటువంటి చోట ఎండు కర్ర, రబ్బరు తొడుగు అనే ఇంటి వైద్యం పనికిరాదు. పది మీటర్ల దూరాన నిలిచి కరెంటు ఆపించడమే రక్షణ. కనుక సంచి జేబులో ప్లాస్టిక్ కవరు చుట్టిన చీటీ ఒకటి ఉండాలి: సబ్‌స్టేషను నంబరు, కరెంటువారి 1912, అంబులెన్సు 108, అగ్నిమాపక 101, పోలీసు 112, జిల్లా కంట్రోలు రూము 1077, రైల్వే 139. ఫోనులో ఉన్నాయి కదా అనేవారు ఉన్నారు. తడిసిన ఫోను ఏమి చెబుతుంది?

పాత బావులు మరొకటి. మోటారు బాగు చేయడానికి దిగినవాడు పడిపోతే వాడికోసం తమ్ముడు, తమ్ముని కోసం తండ్రి దిగి, వరుసగా పోయిన కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. గుడ్డ కట్టుకుంటే విషవాయువు ఆగదు. దీపం దించి చూడటం ప్రాణవాయువు ఉన్నదీ లేనిదీ మాత్రమే చెబుతుంది. డీజిల్ ఇంజను పొగ ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. గాలి సిలిండరు ఉన్న అగ్నిమాపక సిబ్బంది వచ్చేవరకు రెండవవాడిని దిగనీయకుండా పట్టుకోవడమే శిక్షణ పొందినవాని పని. ఏడుస్తున్న తండ్రిని పట్టి ఆపడం తాడు విసరడం కన్నా కష్టమైన పని. అది కూడా నేర్పాలి.

రైలు సంగతి వేరు. ఏ.సి. బోగీ కిటికీలు సాధారణంగా తెరచుకోవు. అత్యవసర కిటికీ ఎక్కడ ఉంటుందో, అద్దం ఎట్లా తీయాలో తెలియక మనుషులు పొగకే పడిపోతారు. ఇంత పెద్ద ధర్మవరం జంక్షను మన దగ్గరే ఉన్నది. శిక్షణకు వచ్చినవారిని ఒక పూట అక్కడికి తీసుకుపోయి నిలిచి ఉన్న బోగీలో కిటికీ తీసి చూపమని రైల్వే అధికారులను కోరడం దురాశ కాదు. ఇప్పుడు పట్టాల మీద కరెంటు తీగలు ఉన్నాయి కనుక బోగీ పైకప్పు ఎక్కరాదన్నది కూడా అక్కడే చెప్పాలి. సుత్తె ఒకటి సంచిలో పెట్టమనడం ఇందుకే.

ధర్మవరం పట్టణంలోనే మరో చిక్కు ఉన్నది. బయటి నుండి వచ్చి శిక్షణ ఇచ్చేవారికి అది తెలియకపోవచ్చు. నేతగాళ్ల ఇళ్లలో గుంట మగ్గాలు. వాన నీరు ఇంట్లోకి వస్తే నేల, గుంట ఒక్కటిగా కనబడతాయి. చీకట్లో పరుగున లోపలికి పోయిన రక్షకుడు నడుము లోతు గుంటలో, మగ్గం కర్రల మధ్య పడతాడు. ఒక పొడుగాటి వెదురు కర్రతో నేలను తట్టుకుంటూ పోవాలి. ఆ కర్రే ఏటిలో చాచడానికి, రెండు కర్రలూ ఒక దుప్పటీ కలిస్తే మనిషిని మోయడానికి. ఏ దుకాణం జాబితాలోనూ లేని సామాను ఇది. పెనుకొండ కొండ మీద తప్పిపోయినవారిని వెదకవలసి వస్తే ఇదే కర్ర పొదలు తట్టడానికి పనికివస్తుంది. అక్కడ మాత్రం కర్ర కన్నా నీటి సీసా ముఖ్యం. ఆ బండలు మధ్యాహ్నం పెనం లాగా కాలుతాయి.

శిక్షణ ఏర్పాటు చేసేవారిని కూడా ఒక మాట అడగవలసి ఉన్నది. పన్నెండు రోజులు కూలి వదులుకుని వచ్చే పిల్లవానికి బూట్లు, దీపం తెచ్చుకొమ్మని కాగితం పంపితే అది వాడిని రావద్దనడమే. పంచాయతీ ఆ మాత్రం కొనిపెట్టాలి. అవి పంచాయతీ సొత్తుగా ఉంటాయి, పిల్లవాడు ఊరు విడిచి బెంగుళూరుకు పనికి పోయినా సంచి ఊరిలోనే ఉంటుంది. ఈ ప్రాంతపు యువకులలో ఎంతమంది అట్లా పోతున్నారో తెలిసినదే. అందుచేత ఒక ఊరికి ఒక్కరిని కాక ముగ్గురిని పంపడం మంచిది. ముగ్గురిలో ఒకరైనా ఊళ్లో పొలం, కాపురం ఉన్నవారై ఉండాలి.

మనిషిని దించే నైలాన్ తాడు యాభై మీటర్లు, గడ్డపారలు రెండు, తేలే జాకెట్లు నాలుగు, వెదురు కర్రలు, ఇవి ఒక్కరి సంచిలో పట్టేవి కావు. ఇవి ఊరి సామాను. అయితే వీటిని పంచాయతీ కార్యాలయంలో పెట్టి తాళం వేస్తే ఆ తాళం చెవి రాత్రిపూట మండల కేంద్రంలో కాపురం ఉండే ఉద్యోగి జేబులో ఉంటుంది. గుడి మండపమో, పాల కేంద్రమో, రాత్రి మనిషి పడుకునే చోటు చూసి పెట్టాలి. తాడును ఎండ తగలకుండా, ఎలుక కొట్టకుండా వేలాడదీయాలి. దానితో బండి మీద గడ్డి కట్టరాదు, ఎద్దును కట్టరాదు, దాని మీద కాలు పెట్టరాదు. ఇసుక రేణువు లోపలికి పోతే పైకి తెలియకుండా లోపలి పోగులను కోస్తుంది. దీపాల సెల్లులు తీసి పక్కన ఉంచాలి, లేకుంటే కారిపోతాయి. ఏటా చిత్త, స్వాతి కార్తెలు రాకముందే శిక్షణ పొందిన ముగ్గురూ అవన్నీ బయటికి తీసి, ఊరి పిల్లలను వెంటబెట్టుకుని చెరువు గట్టు మీద ఒక సాయంత్రం తాడు విసిరి చూడాలి. ఈ సంవత్సరం ఆ పని ఏ ఊరిలో మొదలు పెడతారో సర్పంచులు చెప్పవలసి ఉన్నది.